నది అవతల సున్నా బిల్లు, ఇవతల 2,690

ప్రశ్న: అక్కా, మాది మహారాష్ట్రలోని సిరొంచ. నా పుట్టిల్లు గోదావరి అవతల, తెలంగాణలో మహదేవపూర్ దగ్గర పల్లె. 2024 మే నెలకు మాకు 240 యూనిట్లకు 2,690 రూపాయల బిల్లు వచ్చింది. అదే నెల మా తమ్ముడి ఇంట్లో 180 యూనిట్లు కాలితే బిల్లు సున్నా. వంతెన దాటితే ఇంత తేడా ఏమిటి? మా ఇంట్లో ఒకే మీటర్ మీద రెండు కాపురాలు. ముందు ఇంట్లో అత్తమ్మ, మామ, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు. వెనుక రేకుల గదుల్లో బావగారు, తోడికోడలు, వాళ్ల ఇద్దరు పిల్లలు. వాళ్ల వంట వేరు, గుమ్మం వేరు. బిల్లు మాత్రం చెరిసగం. కూలర్ వాళ్లది, ఫ్రిజ్ మాది. బిల్లు వచ్చిన రోజల్లా ఇంట్లో టెన్షనే. అత్తమ్మ రాత్రి పన్నెండింటికి లేచి తన గదిలో ఫ్యాన్ ఆపేసి, పిల్లల గదిలోది కూడా ఆపేసి పోతోంది. చెప్పినా వినదు. బిల్లు తగ్గే దారి చెప్పండి.

సమాధానం:

చెల్లెమ్మా, అత్తమ్మ సంగతి మీరు ఉత్తరం చివర రాశారు. నాకు మాత్రం అదే ముందు పట్టుకుంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. పన్నెండింటికి ఆపేసి పొద్దున ఆరింటికి మళ్లీ వేస్తే ఆరు గంటలు ఆగినట్టు. అంటే అర యూనిట్ కూడా కాదు, 0.45. మీ ఇంట్లో ఖరీదైన స్లాబ్‌లో, అంటే వంద దాటిన యూనిట్లకు, యూనిట్‌కు పన్నుతో కలిపి 13 రూపాయల 30 పైసలు పడుతోంది. ఎలాగో కింద చెప్తాను. ఆ లెక్కన ఆమె ఒక రాత్రంతా చెమటలో పడుకుని మిగిల్చేది ఆరు రూపాయలు. మే నెలలో మన వైపు ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా. పగలంతా ఎండకు కాగిన ఒళ్లు రాత్రి పూట చల్లబడాలి. వయసు మళ్లినవాళ్లకు, చిన్నపిల్లలకు అది జరగకపోతే వడదెబ్బ ఇంట్లోనే తగలొచ్చు. ఆరు రూపాయల కోసం అంత ప్రమాదం వద్దు. ఈ లెక్క అత్తమ్మకు కాగితం మీద వేసి చూపించండి. ఆమె మొండితనంతో చేయడం లేదు. బిల్లు వచ్చిన రోజు కొడుకుల మధ్య మాటలు విని, తన చేతిలో ఉన్నది ఆ ఒక్క స్విచ్చే కాబట్టి దాన్ని ఆపుతోంది. ఇంట్లో పొదుపు చేయాల్సింది యంత్రాలతో, మనుషుల ఒంటితో కాదు.

ఇప్పుడు బిల్లు. మహావితరణ్, అంటే మహారాష్ట్ర కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే బిల్లు మరాఠీలో ఉంటుంది కాబట్టి మన ఇళ్లలో చాలామంది కింద ఉన్న మొత్తం మాత్రమే చూసి మడిచి పెడతారు. ఒక్కసారి వరుసగా చూడండి. నేను చెప్పే రేట్లన్నీ 2024-25 ఏడాదివి. ‘స్థిర్ ఆకార్’ అంటే వాడినా వాడకపోయినా కట్టేది. ఆ ఏడాది ఇది నెలకు 128 రూపాయలు. ‘వీజ్ ఆకార్’ అంటే అసలు కరెంటు ధర. మొదటి 100 యూనిట్లకు యూనిట్ 4 రూపాయల 71 పైసలు, 101 నుంచి 300 వరకు 10 రూపాయల 29 పైసలు. ‘వహన్ ఆకార్’ అంటే తీగల మీద కరెంటును మోసి తెచ్చినందుకు, ప్రతి యూనిట్‌కూ 1 రూపాయి 17 పైసలు. కొన్ని నెలల్లో ‘ఇంధన్ సమాయోజన్ ఆకార్’ అని బొగ్గు ధరను బట్టి ఇంకొంత కలుస్తుంది. మీ బిల్లులో అది లేదు. చివర ‘వీజ్ శుల్క్’, అంటే మహారాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లే పన్ను, 16 శాతం.

మీ 240 యూనిట్లలో మొదటి వందకు 471 రూపాయలు. మిగతా 140కి 1,440. మోసినందుకు 281. స్థిర్ ఆకార్ 128. ఇదంతా కలిపి 2,320. దాని మీద 16 శాతం, 371. మొత్తం 2,691, దగ్గర పదికి సర్దితే 2,690. మీటర్ వాళ్లు తప్పు చేయలేదు, బిల్లు సరిగ్గానే ఉంది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. వంద దాటగానే మొత్తం యూనిట్లన్నీ పది రూపాయల రేటుకు పోతాయని మన వైపు చాలామంది అనుకుంటారు. అలా కాదు. మొదటి వంద ఎప్పుడూ తక్కువ రేటులోనే ఉంటాయి, దాటినవాటికే పై రేటు. ఆ దాటిన ఒక్కో యూనిట్‌కు 10.29, మోసే ఖర్చు 1.17, రెండూ కలిపి 11.46, పన్నుతో 13 రూపాయల 30 పైసలు. మొదటి వందలో అదే యూనిట్ 6 రూపాయల 80 పైసలు. అంటే మీరు 240 నుంచి కిందికి దిగుతూ ఆపే ప్రతి యూనిట్ విలువ 13 రూపాయలు. బిల్లును యూనిట్లతో భాగిస్తే వచ్చే సగటు 11 రూపాయలు చూడకండి, ఈ 13 చూడండి. ఏ వస్తువు మారిస్తే ఎన్నాళ్లకు గిట్టుబాటు అవుతుందో ఈ అంకెతోనే తేలుతుంది.

మీ తమ్ముడి సున్నా సంగతికి వస్తే, తెలంగాణలో గృహజ్యోతి పథకం 2024 మార్చి నుంచి మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అక్కడ కరెంటు ఊరికే పుట్టడం లేదు. ఆ డబ్బు ప్రభుత్వం ఖజానా నుంచి పంపిణీ సంస్థకు కడుతోంది. ఇక్కడ మహారాష్ట్ర ప్రభుత్వం ఆ దారి పట్టలేదు. ఎక్కువ వాడేవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుని, మొదటి వంద యూనిట్లను కాస్త తక్కువకు ఇస్తోంది. రేట్లు నిర్ణయించేది మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్, మహావితరణ్ కరెంటు ఇచ్చే చోటల్లా ఒకటే రేటు. ‘మన పక్క చంద్రపూర్‌లోనే 2,920 మెగావాట్ల కేంద్రం ఉంది, పొగ మనం పీలుస్తున్నాం, రేటు ముంబై వైపు వాళ్లతో సమానంగానా’ అని మా ఊరు బల్లార్షాలో మా నాన్న తరం అడిగిన ప్రశ్నే ఇవాళ్టికీ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ గ్రిడ్‌లో, అంటే అన్ని ఊళ్లనూ కలిపే తీగల వలలో, పడ్డాక కరెంటుకు ఊరూ పేరూ ఉండవు, ధరకు దూరంతో సంబంధం లేదు.

తమ్ముడికి మాత్రం ఒక మాట ఫోన్ చేసి చెప్పండి. అక్కడ 200 దాటితే, దాటిన యూనిట్లకు మాత్రమే కట్టి ఊరుకునే వీలు లేదు. మొత్తం బిల్లు కట్టాలి. 2024 రేట్ల ప్రకారం మొదటి 200కు యూనిట్ 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. అంటే 200 దగ్గర సున్నా, 201 దగ్గర వెయ్యి దాటిన బిల్లు. ఆ ఒక్క యూనిట్ వెయ్యి రూపాయలన్నమాట. 180 మీద ఉన్న ఇల్లు ఒక కూలర్ కొంటే అక్కడికి చేరుతుంది. ఇక్కడ ధర మెట్లు ఎక్కినట్టు పెరుగుతుంది, అక్కడ మెట్లు లేవు, అంచు నుంచి బావిలో పడ్డట్టే. నా మనసులో మాట చెప్పాలంటే రెండూ నాకు పూర్తిగా నచ్చలేదు. అక్కడ 200 లోపు పొదుపు చేయాలని ఎవరికీ అనిపించదు. ఇక్కడ పొదుపు చేయమని ధర గట్టిగానే చెప్తుంది కానీ, ఇంట్లో ఎంతమంది ఉన్నారో అది చూడదు.

మీ ఇంటి అసలు గాయం అక్కడే ఉంది. స్లాబ్‌ను లెక్కించేది మీటర్‌ను బట్టి, మనుషులను బట్టి కాదు. నగరంలో ఇద్దరే ఉండే ఫ్లాట్‌కూ వంద యూనిట్లే తక్కువ రేటు, పదిమంది ఉన్న మీ ఇంటికీ వందే. మీ 240 యూనిట్లను పదిమందికి పంచితే మనిషికి 24. ఇది దుబారా చేసే ఇల్లు కాదు. కలిసి ఉన్నందుకు జరిమానా కట్టే ఇల్లు.

ఒకసారి రెండు మీటర్లు అనుకుని లెక్క వేశాను. ఒక్కో కాపురానికి 120 యూనిట్లు. ఒక్కో బిల్లు పన్నుతో 1,096 వస్తుంది, రెండూ కలిపి 2,193. ఇప్పుడు కడుతున్నదాని కంటే దాదాపు 500 తక్కువ. రెండోసారి పడే 128 రూపాయల స్థిర్ ఆకార్ కూడా ఇందులో కలిసే ఉంది. స్లాబ్ తప్పించుకోవడానికే ఒకే కాపురానికి రెండు మీటర్లు అడిగితే ఇవ్వరు, అడగడం కూడా సరి కాదు. కానీ బావగారి వంట వేరు, గుమ్మం వేరు. నిజంగా వేరు కాపురమే. కాబట్టి బావగారి పేరున కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లు మామ పేరున ఉంటే ఆయన అభ్యంతరం లేదని కాగితం రాసివ్వాలి. మహావితరణ్ సబ్‌డివిజన్ ఆఫీసులోనైనా, ఫోన్‌లో వాళ్ల యాప్‌లోనైనా పెట్టవచ్చు. డిపాజిట్, కనెక్షన్ ఖర్చు ఒక్కసారి ఉంటాయి. ముందే అడిగి తెలుసుకుని ఇద్దరూ కలిసి పెట్టుకోండి, ఎందుకంటే లాభం ఇద్దరిదీ. మామకు మాత్రం ‘అన్నదమ్ములు విడిపోతున్నారు’ అనిపించకుండా చెప్పాలి. ఆయన ముందు ఈ 500 లెక్క పెట్టండి. మీటర్లు విడిపోయినంత మాత్రాన మనుషులు విడిపోరు, నెలనెలా బిల్లు దగ్గర గొడవ పడితేనే విడిపోతారు.

అది వచ్చేలోపు వెనుక గదుల లైన్‌కు ఒక సబ్‌మీటర్, అంటే వాళ్ల వాడకం విడిగా చూపే చిన్న మీటర్, పెట్టించండి. ఎలక్ట్రీషియన్ వెయ్యి లోపు పని ముగిస్తాడు. చెరిసగం పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. మీరు ఒక యూనిట్ ఆపితే మిగిలే 13 రూపాయల్లో సగం వాళ్లకు పోతుంది. వాళ్లు ఆపినా సగం మీకు. ఎవరు ఆపినా సగమే దక్కితే ఎవరికీ ఆపబుద్ధి కాదు. పైగా కూలర్ ఎక్కువ తింటోందా, ఫ్రిజ్ ఎక్కువ తింటోందా అన్న అనుమానం. నా అంచనాలో మీ ఇంట్లో రెండూ సమానం. 180 వాట్ల కూలర్ రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 43 యూనిట్లు. మీది పదిహేనేళ్ల ఫ్రిజ్ అయితే అదీ నెలకు 40 దాకా తీసుకుంటుంది. ఇన్నాళ్లూ మీరు, తోడికోడలు ఒకరి వస్తువు వైపు ఒకరు చూస్తూ మాటలు పడ్డది దీని కోసమే.

నమ్మకం కుదరకపోతే మీటర్‌నే అడగండి. ఇది నేను బల్లార్షాలో మా ఇంట్లో చేసిన పని, ఖర్చు లేనిది. మీటర్ మీద చిన్న ఎర్ర చుక్క మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన చాలా మీటర్ల మీద 3200 అని రాసి ఉంటుంది. అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. సాయంత్రం ఆరింటికి, రెండు కాపురాల పిల్లలనూ మీటర్ దగ్గర నిలబెట్టండి. ఒకరు ఫోన్‌లో మూడు నిమిషాలు చూడాలి, ఒకరు మెరుపులు లెక్కపెట్టాలి. మొదట రెండు కాపురాల్లోనూ అన్నీ ఆపేయండి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేయండి. అప్పుడు చుక్క మెరవకూడదు. ఇంకా మెరుస్తోందంటే ఎక్కడో వైరు లీకవుతోంది, లేదా మీ లైన్ మీద ఇంకెవరో ఉన్నారు. అదే జరిగితే ఇంకేదీ చూడకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్త్ లీకేజ్ ప్రాణానికే ప్రమాదం.

అన్నీ సరిగ్గా ఉంటే ఒక్కో వస్తువు వేసి చూడండి. మూడు నిమిషాల మెరుపులను 6.25తో గుణిస్తే వాట్లు వస్తాయి. ఒక పాత ఫ్యాన్ వేస్తే పన్నెండు మెరుపులు, అంటే 75 వాట్లు. ఫ్రిజ్ మోటార్ తిరుగుతున్నప్పుడు ఇరవై నాలుగు వస్తే 150 వాట్లు. మా అమ్మాయి లెక్కపెడుతూ ఇస్త్రీ పెట్టె వేసినప్పుడు మెరుపులు అందుకోలేక ‘అమ్మా, ఆగడమే లేదు’ అని అరిచింది. ఆ రోజు తర్వాత ఇస్త్రీ బట్టలన్నీ ఒకేసారి చేసుకోవడం మా ఇంట్లో ఎవరూ చెప్పకుండానే అలవాటైంది. మీ మీటర్ మీద 3200కు బదులు 1600 అని ఉంటే 12.5తో గుణించండి.

ఇక ఏం మార్చాలి. మీ ఇంట్లో ఎక్కువ తినేది కూలర్ కాదు, ఫ్రిజ్ కాదు, ఫ్యాన్లు. రెండు కాపురాలకూ కలిపి అయిదు ఫ్యాన్లు అనుకుంటే, రోజుకు సగటున పదకొండు గంటలు తిరిగితే నెలకు 124 యూనిట్లు, బిల్లులో సగం. ఒక్కొక్కటి చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి ఎవరి కన్నూ దాని మీద పడదు. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు వస్తున్నాయి. అదే గాలికి 30 వాట్లు చాలు. మీటర్ చుక్క పన్నెండుసార్లు మెరిసే చోట అయిదుసార్లు మెరుస్తుంది. ధర రెండున్నర వేల నుంచి మూడు వేలు. అయిదూ ఒకేసారి కొనవద్దు. ఎక్కువ గంటలు తిరిగేవి రెండే ఉంటాయి, అత్తమ్మ మామల గదిలోది, పిల్లల గదిలోది. రోజుకు పదిహేను గంటలు తిరిగితే రెండూ కలిసి నెలకు 40 యూనిట్లు ఆపుతాయి, 530 రూపాయలు. ఇది ఎండాకాలం లెక్క. చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోతాయి కాబట్టి పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏడాదిన్నర అనుకోండి. మీటర్లు విడిపోయాక మీ వాటా వంద దగ్గరికి వస్తే లాభం ఇంకా తగ్గుతుంది, అయినా చేయదగిన పనే. మిగతా గదుల్లో గోడ మీద పాత డబ్బా రెగ్యులేటర్ ఉంటే, స్పీడ్ తగ్గించినా అది మిగతా కరెంటును వేడిగా కాల్చేస్తుంది. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మార్పించండి.

ట్యూబ్‌లైట్లు పాత చోక్‌వి అయితే ఒక్కోటి 50 వాట్లు. మూడింటినీ 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు చేస్తే, రోజుకు నాలుగు గంటల లెక్కన నెలకు దాదాపు 11 యూనిట్లు మిగులుతాయి. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్స్ ఆగదు, గోడ స్విచ్ దగ్గరే ఆపాలి.

కూలర్ గురించి తోడికోడలికి మీరు చెప్పకండి, ఈ ముక్క చదివి వినిపించండి చాలు. కూలర్ వేసినప్పుడు ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉండాలి. లోపలి గాలి బయటికి పోకపోతే గదిలో ఉక్క పెరుగుతుంది, చల్లదనం రాదు, స్పీడ్ పెంచాలనిపిస్తుంది. జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ నిండాక కూలర్ పనిచేయదు, ఫ్యాన్ ఒక్కటే మేలు. రేకుల గదులకు మార్చిలోనే పైన తెల్ల సున్నం రెండు పూతలు వేయిస్తే లోపల వేడి కంటికి కనిపించేంత తగ్గుతుంది. ఆ గదుల్లో నలుగురు మనుషులు మే నెల గడుపుతున్నారని మీరూ గుర్తుంచుకోవాలి. కూలర్ వాళ్లకు సోకు కాదు.

ఫ్రిజ్ చెడిపోయేదాకా కొత్తది కొనమని చెప్పను. తలుపు రబ్బరు మధ్య ఒక నోటు పెట్టి మూయండి. లాగితే ఊరికే వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. గోడకు జానెడు దూరం జరపండి. కొనే రోజు వచ్చినప్పుడు స్టార్ల కంటే, స్టార్ల కింద లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, ఆ అంకె చూడండి. చిన్న కొత్త ఫ్రిజ్‌లు ఏడాదికి 200 యూనిట్ల లోపే ఉంటున్నాయి. మీ పాతది అయిదు నెలల్లో అంత తినేస్తుంది.

మేడ మీద సోలార్ సంగతి మీ ఆయన అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000 సబ్సిడీ పెట్టారు. ఒక కిలోవాట్ రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తుంది. కానీ ముందు మీటర్లు విడగొట్టుకోండి, ఫ్యాన్లు మార్చండి, ఒక ఎండాకాలం బిల్లు చూడండి. అప్పుడు ఎంత చిన్న సోలార్ సరిపోతుందో తెలుస్తుంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2007లో అమెరికాలో ఒక పరిశీలన అచ్చయింది. కాలిఫోర్నియాలో శాన్ మార్కోస్ అనే ఊళ్లో దాదాపు మూడు వందల ఇళ్ల తలుపులకు చీటీలు తగిలించారు. మీరు ఇంత వాడారు, మీ చుట్టుపక్కల ఇళ్ల సగటు ఇంత అని. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడేవాళ్లు మాత్రం ‘మేమే తక్కువలో ఉన్నామా’ అని పెంచేశారు. అలాంటివాళ్ల చీటీ మీద నవ్వుతున్న ముఖం ఒకటి గీస్తే చాలు, వాళ్లు పెంచలేదు. మీ ఇంట్లో అందరికంటే తక్కువ వాడేది అత్తమ్మ. ఇన్నేళ్లలో ఆమెకు ఆ నవ్వు ముఖం ఎవరైనా చూపించారా? బిల్లు వచ్చిన రోజు ఆమె చెవిన పడేది కొడుకుల అరుపులే. తమ్ముడి సున్నాతో మీ బిల్లును పోల్చుకోవడం కూడా ఈ పూటతో ఆపేయండి. దాన్ని చూస్తే కోపం వస్తుంది తప్ప ఒక్క యూనిట్ తగ్గదు. మీ బిల్లు మీదే గత నెలల వాడకం గీతల్లో ఉంటుంది. పోయిన మే గీత పక్కన ఈ మే గీత చూసుకోండి.

ఈ వారం చేయాల్సినవి రెండే. మొదటి బీఎల్‌డీసీ ఫ్యాన్ అత్తమ్మ గదిలో బిగించండి, మీ గదిలో కాదు. బిగించాక ఆమెను మీటర్ దగ్గరికి తీసుకెళ్లి, మనవడి చేత ఆ అయిదు మెరుపులు లెక్కపెట్టించి చూపించండి. ఇప్పుడు రాత్రంతా వేసినా మూడు రూపాయలే అని చెప్పండి. రెండోది, మామ కాగితం రాసిచ్చాక బావగారి దరఖాస్తు. నెల దాటినా ఎవరూ రాకపోతే 1912కు ఫోన్ చేసి దరఖాస్తు నంబర్ చెప్పి అడగండి.